లెక్కలంటే పడదు, పిల్లలంటే ఇష్టం: ఏ ఉద్యోగంలో ఎన్ని అంకెలు?

(విజయవాడలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందు వరసల్లోకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మన ఊళ్లో ఇంటర్ అంటే ఎంపీసీ, కాదంటే బైపీసీ. బందరు రోడ్డు పొడుగునా హోర్డింగుల మీద ర్యాంకులు చూసీ చూసీ, లెక్కలు రానివాళ్లకి తాము దేనికీ పనికిరామన్న నమ్మకం పట్టుకుంటుంది. దాని వెనకే ఇంకో నమ్మకం వస్తుంది. "పోనీ టీచర్ ట్రైనింగ్ చేద్దాం, లేకపోతే చిన్నపిల్లల బడిలో చేరదాం, అక్కడ లెక్కలుండవు కదా" అని. ఇవాళ మాట్లాడేది ఈ రెండో నమ్మకం గురించి. అది సగం నిజం. ఏ సగం నిజమో తెలుసుకోకుండా ఫీజు కడితే రెండేళ్లు పోతాయి.

ముందు "నాకు లెక్కలు రావు" అన్న మాటను విప్పి చూద్దాం. ఆ మాట అనేవాళ్లు మూడు రకాలు. మొదటి రకం వాళ్లకి పదో తరగతి దాకా బాగానే నడిచింది, ఇంటర్లో త్రికోణమితి, కలనగణితం దగ్గర బండి ఆగింది. ఈ రంగంలో వీళ్లకి అసలు ఇబ్బందే లేదు, సైన్ తీటా అంటూ అంగన్‌వాడీకి ఎవరూ రారు. రెండో రకం వాళ్లు భిన్నాలు, శాతాలు, భాగహారం దగ్గరే తడబడతారు, అంటే లోటు ఐదో తరగతిలోనే ఉంది. అది పూడ్చుకోగలిగిన లోటే, కానీ పూడ్చుకోక తప్పదు. మూడో రకం వాళ్లకి అంకెలే తారుమారవుతాయి. 36 చూసి 63 అని రాస్తారు, ఫోన్ నంబరు ఎక్కించేటప్పుడు రెండంకెలు అటూ ఇటూ అవుతాయి, గడియారం చూసి టైము చెప్పడానికి ఆలోచించాలి. ఇది బద్ధకం కాదు, తెలివితక్కువతనం అంతకంటే కాదు. దీనికి డిస్‌కాల్కులియా అని పేరుంది. ఈ మూడో రకం వాళ్లు ఏ పనిలో చేరినా, రాసిన అంకెని ఇంకొకరు సరిచూసే ఏర్పాటు ముందే చేసుకోవాలి. ఎందుకో మందు సీసాల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఇక దారులు చూద్దాం. ప్రభుత్వ బడిలో ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పేది సెకండరీ గ్రేడ్ టీచరు, మనం ఎస్‌జీటీ అంటున్నది. దానికి ఇంటర్ తర్వాత డీఈఎల్ఈడీ అనే రెండేళ్ల టీచర్ డిప్లొమా చెయ్యాలి. ఇంటర్లో ఏ గ్రూపు వాళ్లయినా ప్రవేశ పరీక్ష రాయొచ్చు, సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకి సాంఘికశాస్త్రం దారి ఉంది. మనకి దగ్గర్లో ఈ కోర్సు చెప్పే ప్రభుత్వ డైట్ కళాశాలలు రెండు, గుంటూరు వైపు బోయపాలెం, కృష్ణా వైపు అంగలూరు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "డిగ్రీ అయిపోయింది, బీఈడీ చేస్తే చిన్న తరగతులకూ పెద్ద తరగతులకూ రెండింటికీ పనికొస్తుంది" అనుకుంటారు. పనికిరాదు. ప్రాథమిక తరగతుల పోస్టులకి బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పింది. ఎస్‌జీటీ కావాలంటే డీఈఎల్ఈడీనే చెయ్యాలి. పాత సలహాలు ఇచ్చే మేనమామల మాట విని బీఈడీలో చేరకండి.

ఎస్‌జీటీ దారిలో లెక్కలు ఎన్నున్నాయో ఇప్పుడు లెక్కపెడదాం. టెట్ అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష. అందులో ఎస్‌జీటీ కోసం రాసే పేపర్ 1ఏ 150 మార్కులకి. శిశువికాసం 30, తెలుగు 30, ఇంగ్లీషు 30, గణితం 30, పరిసరాల విజ్ఞానం 30. ఓసీ వాళ్లు 90, బీసీలు 75, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు 60 తెచ్చుకోవాలి. సబ్జెక్టు వారీగా ఇన్ని రావాలన్న నిబంధన లేదు, తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు. కాబట్టి లెక్కలు పూర్తిగా వదిలేసినా మిగతా 120లో 90 తెచ్చుకుంటే ఓసీ అభ్యర్థి కూడా గట్టెక్కుతారు. అవనిగడ్డలోనో గుంటూరు బ్రాడీపేటలోనో కోచింగుకి వెళ్లినవాళ్లు ఈ కిటుకు ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉంటారు.

కిటుకు నిజమే, కానీ అందులో ఒక చిల్లు ఉంది. టెట్ అర్హత కోసమే, పోస్టు ఇచ్చేది డీఎస్సీ అనే నియామక పరీక్ష. డీఎస్సీలో రాత పరీక్ష 80 మార్కులకి, టెట్ మార్కులకి 20 వెయిటేజీ. టెట్‌లో 150కి 20 అంటే, మీరు వదిలేసిన ప్రతి 15 మార్కులకీ డీఎస్సీలో 2 మార్కులు పోతాయి. డీఎస్సీలో ఒక్కో ప్రశ్నకి అర మార్కు, అంటే అది నాలుగు ప్రశ్నలతో సమానం. 2025 మెగా డీఎస్సీలో మొత్తం 16,347 పోస్టులకి ఎస్‌జీటీలు 6,371. అంత పోటీలో నాలుగు ప్రశ్నలు చిన్న సంగతి కాదు. పైగా డీఎస్సీ ఎస్‌జీటీ పేపర్లో గణితం మళ్లీ ఎదురవుతుంది.

మరో సంగతి. టెట్‌లో గణితం 30లో 24 విషయం మీద, 6 బోధన పద్ధతుల మీద. ఆ ఆరింటిలో లెక్క చేసేదేమీ ఉండదు, లెక్క ఎలా చెప్పాలో అడుగుతారు. మిగతా 24 సంఖ్యావ్యవస్థ, భిన్నాలు, అంకగణితం, రేఖాగణితం, కొలతలు, దత్తాంశాలు, బీజగణితం నుంచి వస్తాయి. రెండో రకం వాళ్లు భిన్నాలు, శాతాలు, కొలతలు ఈ మూడూ గట్టిగా పట్టుకుంటే చాలు, సగం మార్కుల మీద ఆశ పెట్టుకోవచ్చు. బీజగణితంతో కుస్తీ పట్టడం తర్వాత.

ఎస్‌జీటీ అయ్యాక మాత్రం తప్పించుకోలేరు. రోజూ గణితం పీరియడు ఉంటుంది, చిన్న బడిలో అన్ని తరగతులకీ మీరే చెప్పాలి. లెక్కల మొహం చూడటం ఇష్టం లేనివాళ్లకి ఇది దారి కాదని చెప్పడమే న్యాయం.

వాళ్ల దారి స్కూల్ అసిస్టెంట్, అంటే పెద్ద తరగతులకి ఒక సబ్జెక్టు చెప్పే టీచరు. దానికి బీఈడీ చెయ్యాలి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, సోషల్. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ 150 మార్కులకి. ఇంగ్లీషు 25, జనరల్ నాలెడ్జ్ 15, బోధనాభిరుచి 10, మిగతా 100 మీరు ఎంచుకున్న సబ్జెక్టు. టెట్ పేపర్ 2ఏలో కూడా శిశువికాసం, రెండు భాషలు పోను 60 మార్కులు మీ సబ్జెక్టువే. ఈ దారిలో గణితం పేపర్ అసలు రాదు. అయితే సోషల్ తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, రేఖాంశాలూ కాలమూ చెప్పేది మీరే. ఒక డిగ్రీకి 4 నిమిషాలు. మన కాకినాడకి దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని 4తో గుణిస్తే 330 నిమిషాలు, అంటే గ్రీనిచ్ కంటే మనం అయిదున్నర గంటలు ముందు. బోర్డు మీద ఈ ఒక్క గుణకారం చేసేటప్పుడు చెయ్యి వణకకుండా ఉంటే చాలు. తలసరి ఆదాయం, జనసాంద్రత ఉంటాయి, అవి భాగహారాలే.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చెప్పే స్పెషల్ బీఈడీ కూడా ఉంది. ఆ కోర్సుకి భారత పునరావాస మండలి గుర్తింపు ఉండాలి, పూర్తయ్యాక వాళ్ల దగ్గర నమోదు చేయించుకోవాలి. ఈ టీచర్లకి టెట్‌లో వేరే పేపర్లున్నాయి. పెద్ద తరగతుల 2బీలో గణితం లేదు, చిన్న తరగతుల 1బీలో ఉంది. కౌన్సెలర్ అవుదామని సైకాలజీ వైపు చూస్తున్నవాళ్లకి ఒక మాట. ఆ పీజీలో స్టాటిస్టిక్స్ పేపర్ ఉంటుంది. చేరాక తెలిసి బావురుమనేవాళ్లు ఉంటారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

ఇప్పుడు చిన్నపిల్లల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళతాను.

నాలుగేళ్ల పిల్ల ముందు ఏడు చింతపిక్కలు వరసగా పెట్టండి. లెక్కపెట్టమంటే వేలు పెట్టి ఏడు దాకా చక్కగా చెబుతుంది. అప్పుడు "మొత్తం ఎన్ని?" అని అడగండి. చాలాసార్లు ఏడు అనదు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. "నాకు అయిదు ఇవ్వు" అంటే గుప్పెడు తీసి ఇస్తుంది. ఎందుకంటే ఆ పిల్లకి ఒకటి రెండు మూడు అన్నది ఇంకా పాటే. చివర పలికిన మాటే మొత్తం లెక్క అని తెలియడం వేరే మెట్టు. చాలా బడుల్లో ఇక్కడే తప్పు జరుగుతుంది. పిల్లకి లెక్క వచ్చేసిందనుకుని పలక మీద 1 నుంచి 100 దాకా రాయిస్తారు. తల్లిదండ్రులు సంతోషిస్తారు. పిల్ల మాత్రం వంద బొమ్మలు గీస్తోంది, అంతే.

దీనికి మందు మన పెరట్లోనే ఉంది. వామనగుంటలు. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, గుంటకో పిక్క వేసుకుంటూ పోవాలి. చేతిలో పిక్క ఒకటి, కింద గుంట ఒకటి, నోట్లో మాట ఒకటి, మూడూ జత కుదరాలి. పిల్ల రెండు గుంటలు దాటేసి ఒక మాట పలికినా, ఒక గుంటకి రెండు మాటలు పలికినా మీకు వెంటనే కనిపిస్తుంది. తప్పు అని అరవక్కర్లేదు, చేతిని పట్టుకుని మళ్లీ వేయించడమే. ఒక జాగ్రత్త. మూడేళ్ల లోపు పిల్లలకి చింతపిక్కలు ఇవ్వకండి, ముక్కులో పెట్టుకుంటారు, మింగుతారు. వాళ్లకి నిమ్మకాయలు, పెద్ద గిన్నెలు. పెద్దపిల్లలకి ఇచ్చినా, ఇచ్చేముందు 20 అయితే తీసుకునేటప్పుడూ 20 ఉండాలి. ఆ లెక్క టీచరుది.

ఇంకో పరీక్ష. ఆరు పిక్కలు ఒక వరసలో, ఆరు ఇంకో వరసలో ఎదురెదురుగా పెట్టి, పిల్లాడి కళ్లముందే ఒక వరసని దూరం దూరంగా జరపండి. "ఏ వరసలో ఎక్కువున్నాయి?" అంటే పొడుగ్గా ఉన్న వరస చూపిస్తాడు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చూపించిన సంగతి ఇది. ఆరేడేళ్లకి అది దానంతటదే సర్దుకుంటుంది. వాదించి ఒప్పించాలని చూడకండి, వాడు మీకోసం అవునంటాడు గానీ నమ్మడు.

ఇంగ్లీషు మీడియం పిల్లల్లో ఇంకో చిక్కు కనిపిస్తుంది. 17 రాయమంటే 71 రాస్తారు. తెలుగులో పదిహేడు అంటే ముందు పది, తర్వాత ఏడు, రాసే వరస కూడా అదే. సెవెన్టీన్‌లో ముందు ఏడు వినిపిస్తుంది, వాడు విన్న వరసలోనే రాస్తాడు. "పదిహేడు అంటే పదీ ఏడూ" అని తెలుగులో ఒకసారి చెప్పి, పది పుల్లల కట్ట ఒకటి, విడి పుల్లలు ఏడు చేతికిస్తే చిక్కు విడిపోతుంది. మాంటిసోరి బడుల్లో ఇదే పనికి పూసలూ కర్రలూ ఉంటాయి. పది కర్రలు, 10 సెంటీమీటర్ల దగ్గర మొదలై మీటరు దాకా. అగరొత్తుల పుల్లలతోనూ పని జరుగుతుంది.

గమనించారా, ఇదంతా లెక్కలు చెప్పడమే, కానీ లెక్కలు చెయ్యడం కాదు. ఈ పనికి ఓపిక, చూపు కావాలి. తాను ఎక్కడ తడబడ్డాడో గుర్తున్న మనిషి ఇక్కడ ఎక్కాలు గడగడా అప్పజెప్పే మనిషి కంటే బాగా పనికొస్తారని నా అభిప్రాయం. ఒక్క షరతు. మీ భయాన్ని తరగతిలోకి తేకూడదు. అమెరికాలో ఒకటి, రెండు తరగతులు చెప్పే 17 మంది టీచరమ్మలనీ, వాళ్ల దగ్గర చదివే 117 మంది పిల్లలనీ పరిశీలించి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. లెక్కలంటే బెదురున్న టీచర్ల దగ్గర, ఏడాది చివరికి ఆడపిల్లల లెక్కలు వెనకబడ్డాయి. మగపిల్లల మీద ఆ ప్రభావం కనిపించలేదు. "నాకూ లెక్కలు రావమ్మా, ఏం పర్లేదు" అని ముద్దుగా అనే మాట ఆడపిల్ల చెవిలో ఎలా పడుతుందో ఆలోచించండి.

ఇక అంగన్‌వాడీలు, పనికి వెళ్లే తల్లుల పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌లు. లెక్కలుండవని అందరూ అనుకునే చోటు ఇదే, కానీ అంకె తప్పితే ప్రమాదం ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే. పిల్లల బరువు, ఎత్తు నెలనెలా పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. కూడికా తీసివేతా యాప్ చేస్తుంది, కొలత మీరే తియ్యాలి. తప్పులెక్కడ వస్తాయంటే, త్రాసు సున్నా దగ్గర ఉందో లేదో చూడరు. చెప్పులతో, స్వెట్టరుతో తూస్తారు. రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాల్సింది నిలబెట్టి కొలుస్తారు, దాంతో సుమారు 0.7 సెంటీమీటర్లు తగ్గిపోతుంది. పుట్టిన తేదీలో నెల తప్పు పడితే బాగున్న పిల్ల లోపపోషణ జాబితాకి ఎక్కుతుంది, లోపమున్న పిల్ల తప్పిపోతుంది. జబ్బ చుట్టుకొలత టేపుకి రంగులుంటాయి కాబట్టి సులువు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. టేపు చర్మానికి ఆనాలి, బిగించకూడదు. బిగిస్తే పసుపు కాస్తా ఎరుపవుతుంది.

క్రెష్‌లో విరేచనాలైన పిల్లకి ఓఆర్ఎస్ కలుపుతారు. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి. గ్లాసుడు నీళ్లలో ప్యాకెట్ అంతా వేస్తే ఉప్పు ఎక్కువై పిల్ల ప్రాణం మీదికి వస్తుంది. 200 మిల్లీలీటర్లకి సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉంటాయి. అందుకే ప్రతిసారీ ప్యాకెట్ మీద చదవాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి.

జ్వరం మందు ఇంకా చిక్కు. పారాసెటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటాయి. ఒక రకం సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120, ఇంకో రకంలో 5కి 250. పది కిలోల పిల్లకి డాక్టరు 150 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. 120 సిరప్ అయితే ఆరు మిల్లీలీటర్ల పైచిలుకు, 250 సిరప్ అయితే 3, చుక్కల మందు అయితే ఒకటిన్నర. సిరప్ కొలతే చుక్కల మందుకి వాడితే 600 దాటుతుంది, నాలుగు రెట్లు. కాబట్టి డోసు మీరు కట్టకూడదు. తల్లి తెచ్చిన సీసా మీద ఉన్న అంకె, డాక్టరు చీటీ మీద అంకె, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకి, అన్నీ కాగితం మీద రాయించుకోవాలి. పోసేముందు రెండో మనిషికి చూపించి గట్టిగా చదవాలి. ఇందాక మూడో రకం అన్నానే, వాళ్లకి ఈ అలవాటు తప్పనిసరి. మిగతావాళ్లకీ మంచిదే.

అంగన్‌వాడీ కార్యకర్తకి మన రాష్ట్రంలో గౌరవ వేతనం 11,500 రూపాయలు, హెల్పర్‌కి 7,000. ఇది జీతం కాదు, గౌరవ వేతనమే. పోస్టుకి పదో తరగతి చాలు, కానీ పెళ్లయిన స్థానిక మహిళ అయ్యుండాలి, వయసు 21 నుంచి 35.

ప్రైవేటు ప్రీస్కూళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. ఎన్‌టీటీ, అంటే నర్సరీ టీచర్ ట్రైనింగ్ అని ఆరు నెలలకీ ఏడాదికీ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. ప్రైవేటు బడి వాటిని తీసుకోవచ్చు, ప్రభుత్వ పోస్టుకి అవి పనికొస్తాయన్న మాట నమ్మకండి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అదే ఎన్‌సీటీఈ గుర్తించిన ప్రీస్కూల్ డిప్లొమా రెండేళ్లది. డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి. గుర్తింపు పత్రం చూపిస్తారా? నిజమైన పిల్లల మధ్య ఎన్ని రోజులు పని చేయిస్తారు? రెండోదానికి నసిగితే బయటికి వచ్చెయ్యండి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇంకోటి అడగండి, అడ్మిషన్ల టార్గెట్ ఉందా అని. లెక్కలు తప్పించుకుందామని వచ్చి, వేసవంతా ఫీజు బకాయిల జాబితా పట్టుకుని ఫోన్లు చేసే పనిలో పడేవాళ్లున్నారు.

ఏ బడిలోనైనా ఉండే లెక్క ఒకటుంది. హాజరు, మధ్యాహ్న భోజనం. ప్రాథమిక తరగతుల్లో పిల్లకి 100 గ్రాముల బియ్యం, ప్రాథమికోన్నతంలో 150. ఇవాళ చిన్న తరగతుల్లో 43 మంది వస్తే 4 కిలోల 300 గ్రాములు, పెద్ద తరగతుల్లో 27 మంది వస్తే 4 కిలోల 50. ఇక్కడ 4,050 గ్రాములని 4 కిలోల 500 అని రాయడం సర్వసాధారణమైన తప్పు. నెలాఖరుకి నిల్వ కుదరదు, మాట పడేది మీరు. దీనికి కోచింగు అక్కర్లేదు. పటమట రైతుబజార్‌కి వెళ్లినప్పుడు ముప్పావు కిలో వంకాయలు, 350 గ్రాముల పచ్చిమిర్చి నోటిలెక్కన ధర కట్టి, తర్వాత ఫోన్లో సరిచూసుకోండి. మూడు నెలలు చేస్తే చాలు.

ప్రశ్నలుంటే అడగండి.

"మేడం, నాది బీకాం. లెక్కలు ఇష్టం లేదు. సోషల్ బీఈడీ చెయ్యొచ్చా?"

బీకాం చేసి లెక్కలు ఇష్టం లేదంటున్నావు, బ్యాలెన్స్ షీట్లు ఎవరు వేశారమ్మా? (నవ్వులు) సరే. ఎడ్‌సెట్ నోటిఫికేషన్లో మెథడాలజీ వారీగా, అంటే బీఈడీలో ఎంచుకునే సబ్జెక్టు వారీగా, ఏ డిగ్రీ ఉండాలో పట్టిక ఇస్తారు. నీ డిగ్రీకి ఏది ఇస్తున్నారో ముందు అందులో చూడు. ఆ తర్వాత పాత డీఎస్సీ నోటిఫికేషన్ తీసి, స్కూల్ అసిస్టెంట్ సోషల్ పోస్టుకి అడిగిన డిగ్రీ సబ్జెక్టులు చూడు. బీఈడీలో సీటు వచ్చినంత మాత్రాన పోస్టుకి అర్హత ఉన్నట్టు కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే ఫీజు కట్టు.

"నాకు 34 నిండాయండి. అంగన్‌వాడీకి పెట్టుకోవచ్చా?"

పెట్టుకోవచ్చమ్మా, కానీ ఖాళీ మీ ఊళ్లోనో మీ వార్డులోనో పడాలి, పక్క వార్డు పోస్టు మీకు రాదు. వయసు ఏ తేదీ నాటికి లెక్కిస్తారో నోటిఫికేషన్లో రాస్తారు, ముందు ఆ తేదీ చూడండి. మీ ప్రాంతంలో అంగన్‌వాడీలను చూసే సీడీపీఓ అధికారి ఆఫీసు నోటీసు బోర్డు నెలకోసారి చూసి రండి. నివాస ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. పదో తరగతి మెమో మీద పుట్టిన తేదీ, ఆధార్ మీద తేదీ ఒకటేనా? తేడా ఉంటే దరఖాస్తు పెట్టేలోపే ఆధార్ సరిచేయించుకోండి.